నలభై ఐదు నిమిషాలు

ఎమ్మిగనూరు,
ఏప్రిల్ 24.

సాదియా,

నేను ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని మా బావగారితో అడిగించావట. ఎత్తను. దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేశాను. తెరిస్తే చాలు ఉయ్యాలలు, డైపర్లు, బోసినవ్వుల పిల్లలు. తొమ్మిది నెలలు నేను అవే చూశాను కాబట్టి అదీ అవే చూపిస్తోంది. నా బిడ్డ పోయిందని ఫోన్‌కి ఎవరు చెప్తారు? అందుకే కాగితం మీద రాస్తున్నాను. మా మాదన్న బావ రోజూ ఆదోని పత్తి మార్కెట్‌కు హమాలీ పనికి వస్తాడు కదా, మీ నర్సింగ్ హోమ్ గేటు దగ్గర ఇస్తాడు. ఆయనకు చదువు రాదు. అయినా కవరును అన్నం మెతుకులతో గట్టిగా అంటించాను.

ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. ఈ ఇరవై ఒక్క రోజుల్లో ఇంటికి వచ్చిన వాళ్ళ మాటలు విని విని మనుషులంటేనే రోత పుట్టింది. మా వీధి తిమ్మమ్మ గడప దాటకముందే, "ఆడపిల్లే గదమ్మే, పోనీలే. మగపిల్లోడు పోయింటే బాధపడాల" అంది. ఇంకొకామె, "మొగం సూడకపోయిందే మంచిదాయె, సూసింటే మనసుకు అంటుకుంటాండె" అంది. చూడకపోతే అంటుకోదని ఈమెకు ఎవరు చెప్పారు? మరో ముగ్గురు వరసగా కూర్చుని విచారణ చేశారు. గ్రహణం రోజు బయటికి వచ్చినావా, బొప్పాయి తిన్నావా, నీళ్ళ బిందె ఎత్తినావా అని. పోలీసులు నయం. అన్నీ అడిగి, కాఫీ తాగి, గ్లాసులు అక్కడే పెట్టి పోయారు.

మూడో రోజు ఇంటికి రాగానే నాకు పాలు పడ్డాయి. ఇలా అవుతుందని మీ ఆసుపత్రిలో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. కుట్లు ఎలా తుడుచుకోవాలో చెప్పారు, ఏ మాత్ర ఎప్పుడో చెప్పారు. బిడ్డ పోతే పాలు కూడా రావనుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని. జాకెట్టు తడిసిపోయి, రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి పడుకుంటే మా అత్త ఉరుకుందమ్మ మల్లెపూలు తెచ్చి రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. అలా కడితే పాలు ఇంకిపోతాయట. ఇంకాయి. కానీ వాడిన పూల వాసన, పులిసిన పాల వాసన కలిసి ఐదు రోజులు నా ముక్కు కిందే ఉన్నాయి. ఇప్పుడు వీధిలో పూలమ్మి కేకేస్తే నాకు డోకు వస్తోంది. పాపం అత్త ఒక్క మాట కూడా అనకుండా కట్టింది. ఈ ఇంట్లో నాకు ఏవగింపు పుట్టని మనిషి ఆమె ఒక్కతే.

మా ఆయన సంగతి అడగొద్దు. నాలుగో రోజే మగ్గం గుంటలో దిగాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటక, టకటక. ఒక్క చుక్క కన్నీరు లేదు. పాప ఎట్లుండె అని అడిగితే, "నూలు కండెలు అయిపోయినాయి, తెస్తా ఉండు" అని లేచిపోయాడు. యాడ పూడ్చినావు అంటే, "ఆడోళ్ళు ఆడికి రాగూడదు" అన్నాడు. రెండేళ్ళు కాపురం చేసింది ఇలాంటి రాయితోనా అని నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నాగేంద్ర మంచివాడని పెళ్ళికి ముందు నాకు చెప్పింది నువ్వే.

అసలు సంగతికి వస్తాను. నాకు మత్తు వదిలేసరికి అంతా అయిపోయింది. నువ్వున్నావనే ఈ ఊరు వదిలి కాన్పుకు ఆదోనిలో చేరాను. ఆ పూట ఆపరేషన్ గదిలో ఎవరున్నారో నీకు తెలుస్తుంది. ఎవరో ఒకరు నా బిడ్డను చూసే ఉంటారు. జుట్టు ఉందా? ఎవరి పోలిక? కనుక్కుని రాయి. ఓదార్పు వద్దు, అది ఇక్కడ కావలసినంత దొరుకుతోంది. నాకు నా పాప ముఖం కావాలి.

అంజలి


ఆదోని,
మే 2.

ప్రియమైన అంజూ,

నీ ఉత్తరం అందింది. మాదన్న అన్న ఇస్తూ, "మా అంజలికి బాగ రాయమ్మా, అది ఎవురితో మాట్లాడ్తలేదు" అన్నాడు. నువ్వు ధైర్యంగా ఉండాలి. కాలం అన్నిటినీ మాన్పుతుంది. మా అమ్మ హమీదాబీ నీ కోసం రోజూ దువా చేస్తోంది. నువ్వు అడిగిన దాని గురించి చెప్పాలంటే, ఆ పూట నాకు పై అంతస్తులో డ్యూటీ. కింద ఉన్న అమ్మాయి పని మానేసి వెళ్ళిపోయింది. అలాంటివి తవ్వుకోకపోవడమే నీ ఆరోగ్యానికి మంచిది.

పాల విషయం నీకు చెప్పకపోవడం మా తప్పే. దానికి మాత్ర ఉంది. డిశ్చార్జి కాగితంలో 'బిడ్డకు రోజుకు ఎన్నిసార్లు పాలివ్వాలి' అని అచ్చేసి ఉంటుంది. నీ కాగితం మీద ఆ లైనును పెన్నుతో కొట్టేసి ఇచ్చాం. బిడ్డ పోయిన తల్లి కోసం మేం చేసిన మార్పు అంతే. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇక్కడి వింతలు కూడా విను. తనిఖీకి ఎవరో వస్తున్నారని మా పెద్ద మేడంకు ఉన్నట్టుండి దయ పుట్టింది. బిడ్డను పోగొట్టుకున్న వాళ్ళకు మానసిక సహాయం అందించే గది ఒకటి ఉండాలట. స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించింది. నన్ను కౌన్సెలర్‌ని చేసింది. రెండు రోజులు కంప్యూటర్ ముందు శిక్షణ. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అనే మాట ఎలా పలకాలో ఒకాయన నేర్పాడు. తల కొంచెం పక్కకు వంచాలట. గోడకు ఏం తగిలించారో తెలుసా? బుగ్గలు ఉబ్బిన పసిపాప ఫోటో. పాలపొడి వాళ్ళు ఊరికే ఇచ్చిన క్యాలెండర్ అది. నేను తీసేస్తే, స్టోర్ చూసే శేషన్న, "గోడ బోసిగుంది సిస్టర్" అని మళ్ళీ తగిలించాడు. బిడ్డ పోయినామె ఆ గోడకు ఎదురుగా కూర్చోవాలి.

మొదటగా వచ్చింది కోసిగి ఊరి నాగమ్మ. మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్ళి ఉగాదికి తిరిగి వచ్చింది. ఏడో నెలలోనే నొప్పులు, మగబిడ్డ, నిలవలేదు. "కౌన్సెలింగ్‌కి రామ్మా" అన్నాను. ఆమె మంచం దిగి రెండు చేతులూ జోడించింది. "వద్దు తల్లీ. నా మొగుడు కొట్టడు, తాగడు. మేమేం కొట్లాడుకోలేదు" అంది. వాళ్ళకు కౌన్సిలింగ్ అంటే పోలీస్ స్టేషన్‌లో మొగుడూ పెళ్ళాలను కూర్చోబెట్టి చేసేది. అది కాదమ్మా అంటే ఇంకా భయపడింది. "ఐతే ఆపరేషనా? నాకు ఒక్క బిడ్డ గూడ లేదమ్మా, నరం కొయ్యాకండి" అని ఏడ్చింది. పిల్లలు వద్దని ఒప్పించడానికీ మనవాళ్ళు వాడేది ఆ మాటే కదా. ఆమె మొగుడు హనుమన్న గుమ్మం దగ్గర నిలబడి, "కౌన్సిలింగంటే మా తమ్మునికి ఇంజనీరింగ్ సీటుకు అయింది సిస్టర్. మాకెందుకు?" అన్నాడు. చివరికి ఇద్దరూ కౌన్సెలింగ్ పుస్తకంలో వేలిముద్రలు వేసి పారిపోయారు. మేడం 'తృప్తి చెందారు' అని రాయమంది. రాశాను. ఛీ, ఏం బతుకు ఇది!

నువ్వు వేళకు తిను. నాగేంద్ర అన్నను ఏమీ అనకు.

నీ
సాదియా


ఎమ్మిగనూరు,
మే 19.

సాదియా సిస్టర్ గారికి,

నిన్న మీ ఆసుపత్రి నుంచి మా ఆయనకు ఫోన్ వచ్చింది. చేతిలో పని ఉందని స్పీకర్ పెట్టాడు. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి, "సార్, మీ మిసెస్ అంజలి గారికి ఏప్రిల్ మూడో తేదీన పదకొండుంబావు నుంచి పన్నెండు గంటల వరకు, మొత్తం నలభై ఐదు నిమిషాలు, సాదియా సిస్టర్ కౌన్సెలింగ్ ఇచ్చారు కదా. ఐదుకి ఎన్ని మార్కులు ఇస్తారు సార్?" అని అడిగింది. ఆయన "ఐదు" అన్నాడు. గ్యాస్ సిలిండర్ వాళ్ళు అడిగినా ఐదే అంటాడు. ఎందుకన్నావంటే, "ఐదంటే పెట్టేస్తారు గదా" అన్నాడు.

నాకు మత్తు వదిలింది ఒంటిగంటన్నరకు. మత్తులో పడి ఉన్న మనిషికి నలభై ఐదు నిమిషాలు ఏం చెప్పావు తల్లీ? తల పక్కకు వంచావా? నేను తృప్తి చెందానా?

పై అంతస్తులో ఉన్నానని రాశావు. కింద ఉన్నానని సంతకం పెట్టావు. ఏది అబద్ధమో నాకు తెలియదు, తెలుసుకోవాలంటేనే వెగటుగా ఉంది. నాగమ్మ సంగతి చదివినప్పుడు నీ మీద జాలిపడ్డాను. ఆ దిక్కుమాలిన పుస్తకంలో నాగమ్మ కన్నా ముందు నా పేరే ఉందని నాకేం తెలుసు? ఇంటర్లో రెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే డబ్బాలో తిన్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ తిండి కూడా కక్కేయాలనిపిస్తోంది.

ఇంక రాయకు. రాస్తే నిజం రాయి.

అంజలి


ఆదోని,
మే 21.

అంజలీ,

నిజం రాస్తున్నాను. నేను పై అంతస్తులో లేను. ఆపరేషన్ గదిలో నీ తల పక్కనే నిలబడి ఉన్నాను.

పదీ నలభైకి పాపను తీశారు. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు చుట్టుకుంది. ఏడవలేదు. పిల్లల డాక్టరు అరగంట పాటు చేయగలిగిందంతా చేశాడు. అందులో ఎవరి తప్పూ లేదు, నీదీ లేదు. బొప్పాయి, గ్రహణం అన్న వాళ్ళ నోళ్ళు పడిపోను.

తర్వాత ఆయా సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టె తెచ్చింది. మేం ఎప్పుడూ అందులోనే పెట్టి ఇస్తాం. ఆరేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కనాడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు పెట్టె మీద 'ఈ వైపు పైకి' అన్న బాణం గుర్తు చూశాను. పెట్టెను కాలితో తన్నాను. పాపను నేనే ఎత్తుకుని గోరువెచ్చని నీళ్ళతో కడిగాను. నీ సంచిలో నాగేంద్ర అన్న నేసిన చీర ఉంటే అందులో చుట్టాను. తొందరపడలేదు. ఎవరు పిలిచినా పలకలేదు.

వరండాలోకి తెచ్చి నాగేంద్ర అన్న చేతుల్లో పెట్టాను. అతను గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఏడవడానికి నోరు తెరిచాడు. లోపల మూడు కాన్పులు ఉన్నాయి, బయట ఎవరి చుట్టాలో లడ్డూలు పంచుతున్నారు. ఈయన గోల పెడితే మేడం నన్ను తిడుతుంది. అప్పుడు నేనన్న మాటలు ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"అన్నా, ఊరుకో. మగోడివి. నువ్వే ఏడిస్తే అంజలి ఏమైపోతాది? దాని ముందర కండ్లనీళ్ళు పెట్టుకోవద్దు. పాప మాట ఎత్తొద్దు. మత్తు దిగకముందే తీస్కపో. సూస్తే మర్సిపోయేది గాదు."

అతను తెరిచిన నోరు మూసుకున్నాడు. "సరే సిస్టరమ్మా" అని లేచాడు. చీర సర్దుకుని మాదన్న అన్న బండి వెనక కూర్చున్నాడు.

నీకు పాపను చూపించవద్దన్నది డాక్టరు కాదు, మీ అత్త కాదు. నేను. ఏడు వారాలుగా నువ్వు రాయి అంటున్న మనిషి నేను చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. తనిఖీకి ముందు పాత కేసులు కూడా నింపమని మేడం పుస్తకం ఇచ్చింది. నీ పేరు దగ్గర టైము రాయాల్సి వచ్చింది. నర్సు చెయ్యి కదా, నేను నిజంగా మీ పాపతోనూ మీ ఆయనతోనూ ఉన్న టైమే రాసింది. తల్లికి ఇచ్చానన్నదే అబద్ధం. ఆ పుస్తకంలో పద్నాలుగు పేర్లున్నాయి. నా మాట నిజంగా విని, పాటించినవాడు పుస్తకంలో పేరే లేని నాగేంద్ర అన్న ఒక్కడు. అది గుర్తొస్తే నా నోరంటే నాకే రోత పుడుతోంది.

నిన్న హాలహర్వి నుంచి ఒకామె వచ్చింది. ఆమెకూ బిడ్డ దక్కలేదు. నేను ఆ గదికి తీసుకుపోలేదు, నేర్చుకున్నది ఏదీ చెప్పలేదు. "సూస్తావామ్మా?" అని మాత్రం అడిగాను. చేతులు చాచింది. రెండు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వేళ్ళు లెక్కపెట్టింది, పేరు పెట్టి పిలిచింది. మంచం ఖాళీ చేయించమని మేడం నా మీద అరిచింది. అరవనీ అని ఊరుకున్నాను. ఆ ఒక్క ప్రశ్న నిన్ను అడగడానికి నాకు నిమిషం కూడా పట్టేది కాదు.

పాప ఎలా ఉందో నేను రాయను. నాగేంద్ర అన్న చూశాడు, నీకు చెప్పే హక్కు అతనిది. ఈ ఉత్తరం అతనికి ఇవ్వు. మాట్లాడొద్దన్న సిస్టరే మాట్లాడమంటోందని చెప్పు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

సాదియా


ఎమ్మిగనూరు,
జూన్ 5.

సాదియా,

నీ ఉత్తరం నాలుగు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. ఐదో రోజు ఆయన మగ్గం మీద ఉండగా తెచ్చి చేతికిచ్చాను. చదవడం మొదలుపెట్టాడు. సగం దాకా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి, తర్వాత ఆగిపోయాయి.

ఏడ్చాడు. సినిమాలో మాదిరి కాదు. చీమిడి కారుతూ, నేసిన బట్ట మీద చొంగ పడుతూ, పశువు అరిచినట్టు అరిచాడు. మా అత్త ఉడుకుతున్న అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ గుంటలో ఇద్దరికి చోటు ఉండదు, అయినా నేనూ దిగాను. ఆయన ముక్కు నా పైటతో తుడిచాను. రెండు నెలల్లో మొదటిసారి నాకు ఆ మనిషంటే అసహ్యం వేయలేదు.

మర్నాడు పొద్దున్నే పాప దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు రాకూడదని తిమ్మమ్మ వీధిలో అడ్డం నిలబడింది. మా అత్త చెప్పులు తొడుక్కుని, "ఏమైతాదో నేనూ సూస్తా, పాండి" అని మా ముందు నడిచింది. ఊరి బయట వంక గట్టు మీద, తుమ్మచెట్ల అవతల. కుక్కలు తవ్వకుండా మాదన్న బావ బండలు పేర్చాడు. వారానికోసారి మార్కెట్ నుంచి వస్తూ దిగి చూసి వస్తాడట. ఆ సంగతీ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. అందరికందరూ నా మంచి కోసం మూగవాళ్ళయ్యారు.

అక్కడ కూర్చుని అడిగాను, పాప ఎవరి పోలిక అని. ఆయన మట్టి గెలుకుతూ అన్నాడు, "నేను సూడలేదు అంజలీ. సూస్తే మర్సిపోయేది గాదని సిస్టరమ్మ సెప్పింది. నీకోసం గట్టిగుండాల గదా అని చీర తియ్యలేదు. ఎదకు పట్టుకోని బండి మింద వచ్చినా. బరువు తెలుస్తాండె. మొగం మాత్రం సూడలేదు."

నీ మాటలు మళ్ళీ చదువుకో. 'సూస్తే' అన్నావు. ఎవరు చూస్తే అన్నది ఆ మాటలో లేదు. నువ్వు నన్ను అనుకున్నావు. ఆయన తననే అన్నావనుకున్నాడు. మాదన్న బావ కూడా చూడలేదు, బండి తోలుతున్నాడు. మూట మూటగానే గుంటలో పెట్టి మన్ను కప్పారు.

ఇంకొకటి. ఆ హాలహర్వి ఆమె మొగుడు ఎక్కడున్నాడు? ఆమె చేతులు చాచింది, వేళ్ళు లెక్కపెట్టింది అని రాశావు. నీ ఉత్తరంలో ఆ మనిషి ఎక్కడా లేడు. వరండాలో గోడకు ఆనుకుని ఉండి ఉంటాడు, ఏడవొద్దని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వాళ్ళ అడ్రసు మీ దగ్గర ఉంటుంది. వెతుక్కుంటూ వెళ్ళు. ఆ గదికి కౌన్సెలింగ్ అని పేరు తీసెయ్, ఇద్దరినీ లోపలికి పిలువు, నువ్వు నోరు మూసుకుని కూర్చో. మా ఇద్దరికీ కావలసింది ఆ రోజు అంతే.

నీ మీద రోత ఇంకా పోలేదు. పోయిందని రాస్తే అదీ ఒక సంతకమే అవుతుంది. అన్నీ మరిచి మళ్ళీ ఒకే పళ్ళెంలో తిందామని పిలవడం లేదు. కానీ నా పాపను కడిగిన చేతులు నీవి. డాక్టర్లకు ఆ రోజే మరుపు వచ్చి ఉంటుంది. ఈ లోకంలో ఆ ముఖం గుర్తున్నది నీ ఒక్కదానికే.

ఆదివారం రా. కాగితం మీద రాయొద్దు. మా ఆయన, నేను, అత్త ముగ్గురం కూర్చుంటాం. నుదుటి దగ్గర మొదలుపెట్టు, నిదానంగా చెప్పు. మధ్యలో మేం ఏడిస్తే ఆపకు.

అంజలి